మార్పులు చేసిన 1966 స్ట్రాట్‌ని మళ్ళీ ఒరిజినల్‌లా చేయించాలా?

మీరు చెప్పిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, ఎందుకంటే జవాబంతా వాటి మీదే ఆధారపడి ఉంది. 1966 ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఎలక్ట్రిక్ గిటార్. నెక్ ఒరిజినలే, హెడ్‌స్టాక్ (నెక్ పైచివరి భాగం) మీద డెకాల్, అంటే కంపెనీ పేరున్న స్టిక్కర్, చెక్కు చెదరలేదు. బాడీ మీద సన్‌బర్స్ట్ రంగు ఎవరో ఎప్పుడో గీకేసి, చెక్క కనబడేలా పైన క్లియర్ కోటింగ్ వేశారు. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్ (రెండు తీగచుట్టల పికప్; పికప్ అంటే గిటార్ తీగల కదలికని కరెంటుగా మార్చేది) పెట్టడానికి చెక్క తొలిచారు, అక్కడుండాల్సిన పికప్ ఎటో పోయింది, మిగతా రెండు పికప్‌లూ పాతవే. ట్యూనర్ల (తీగలు బిగించే చెవుల) బెజ్జాలు పెద్దవి చేసి వేరే ట్యూనర్లు బిగించారు, పాత క్లూసన్ కంపెనీ ట్యూనర్లు మాత్రం కేసులో కవర్లో ఉన్నాయి. ఇత్తడి నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ), లావు ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు), పికప్‌లు మార్చే ఐదు స్థానాల స్విచ్, పిక్‌గార్డ్‌లో (బాడీ ముందున్న ప్లాస్టిక్ పలకలో) ఇంకో బుల్లి స్విచ్. వేరే దేశంలో ఒకాయన మొత్తం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేసిస్తానన్నాడు, పంపాలా, లేక ఇలాగే ఉంచేసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

మొత్తంగా రీస్టోర్ చేయించొద్దు. అలాగని ఏమీ ముట్టుకోకుండా వదిలేయమని కూడా నేను అనను. పాత గిటార్లు రిపేరు చేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను, ఈ ప్రశ్నకి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు గిటార్‌ని సరిగా చూడలేదనే నా నమ్మకం. ఒక్కో మార్పునీ విడిగా పట్టుకుని ఇదొక్కటే అడగండి: దీన్ని వెనక్కి తిప్పాలంటే ఇప్పుడు మిగిలి ఉన్న ఒరిజినల్ చెక్కో, రంగో, తీగో ఇంకొంచెం పోగొట్టుకోవాల్సి వస్తుందా? పోనవసరం లేకపోతే నిశ్చింతగా చేయండి. పోతుందంటే చేయి ఆపండి. పాతకాలం యజమాని తీసేసింది ఎలాగూ తిరిగి రాదు, ఇక దీనికి జరగగలిగిన నష్టం ఏదైనా ఉంటే అది ఇకమీదట మనం తీసేసే దానివల్లే.

ఆ యజమాని మీద కోపం పెట్టుకోకండి కూడా. 1970లలో పదేళ్ళ నాటి స్ట్రాట్ అంటే వట్టి సెకండ్ హ్యాండ్ గిటార్, అంతే. డిమార్జియో సూపర్ డిస్టార్షన్ అనే హంబకర్ 1972లో వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళకే సీమోర్ డంకన్ పికప్‌లు, 1970ల చివరికి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్. ఆంప్ గట్టిగా పలకాలి, ట్యూనింగ్ నిలబడాలి, స్టేజీ మీద హమ్ రాకూడదు, ఇవీ వాయించేవాడి అవసరాలు. ఇత్తడి నట్ వేస్తే సస్టెయిన్ (నోట్ నిలిచే సేపు) పెరుగుతుందని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు. రంగు గీకేసి చెక్క బయటపెట్టడం అప్పటి ఫ్యాషన్. మీ గిటార్ మీదున్న ప్రతి మార్పూ ఆ కాలంలో మంచి పని కిందే లెక్క.

ఇప్పుడు ఏమేం మిగిలాయో చూద్దాం. రెంచి పట్టుకునే ముందు ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించండి. తీగలు వదులు చేసి, నెక్ వెనక నాలుగు స్క్రూలు తీసి నెక్ విడదీయండి. ఆ కాలపు స్ట్రాట్‌లో ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపలుండే కడ్డీ) తిప్పే చోటు బాడీలో కూర్చునే నెక్ చివరే ఉంటుంది కాబట్టి ఈ నెక్ ఇంతకుముందు చాలాసార్లు ఊడి ఉంటుంది, భయపడాల్సిన పనేం లేదు. తిరిగి బిగించేటప్పుడు మాత్రం ప్రతి స్క్రూనీ ముందు వెనక్కి, అంటే వదులు చేసే వైపు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట టక్కుమని చిన్నగా కిందికి దిగుతుంది. అది పాత స్క్రూ గాడి. అక్కడి నుంచి ముందుకి తిప్పితే చెక్కలో కొత్త గాడి పడదు. ఇది చేయకుండా ఎడాపెడా బిగించబట్టే సగం పాత నెక్‌ల స్క్రూలు పట్టు వదిలేస్తాయి.

నెక్ బాడీలో కూర్చునే చివర సిరాతో వేసిన ముద్ర ఉండాలి: నెల, సంవత్సరం, చివర ఒక అక్షరం. ఆ అక్షరం బి అయితే నట్ దగ్గర వెడల్పు ఒకటీ ఐదు బై ఎనిమిది అంగుళాలు, అంటే 41 మి.మీ. చిల్లర. దానికి ఫోటో తీయండి, తుడవకండి, వేలు కూడా ఆనించకండి. తర్వాత బాడీలో నెక్ కూర్చునే గుంతలోకి టార్చి వేసి చూడండి. అప్పట్లో ఫ్యాక్టరీలో బాడీని పట్టుకుని రంగు కొట్టడానికి ఆ గుంతలో ఒక కర్ర బిగించేవాళ్ళు, ఆ కర్ర ఉన్నంత మేర రంగు పడేది కాదు. మీ బాడీ పైన రంగు గీకిన మనిషి గుంత లోపలిదాకా వెళ్ళి ఉండకపోతే ఆ కర్ర నీడ, దాని చుట్టూ పాత సన్‌బర్స్ట్ పసుపు అంచు ఇంకా కనబడవచ్చు. ట్రెమలో (తీగల స్వరం ఊపే కదిలే బ్రిడ్జ్) స్ప్రింగులుండే గుంత గోడల మీద, పిక్‌గార్డ్ కింద కూడా ఇలాంటి ఆనవాళ్ళు దొరుకుతాయి. పైకి రంగు మొత్తం పోయిన బాడీ అసలుదే అని చూపించగలిగినవి ఇవే. ఎవరు రంగు వేసినా ముందు పోగొట్టేవి కూడా ఇవే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాల) వెనక అంకెలు చదవండి. 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీ వాళ్ళవి, తర్వాత రెండంకెలు సంవత్సరం, చివరి రెండూ వారం. 1376612 అంటే 1966లో 12వ వారం. అయితే ఇక్కడో చిక్కుంది. ఫెండర్ 1966లో పాట్‌లు భారీగా కొనిపెట్టుకుని ఆ దశాబ్దం చివరిదాకా వాటినే వాడింది, కాబట్టి పాట్ మీద 66 ఉన్నంత మాత్రాన గిటార్ 66ది అయిపోదు, అంతకంటే ముందుది కాదని మాత్రమే తెలుస్తుంది. నెక్ ముద్ర, పికప్‌ల అడుగున ఉండే తేదీ, పాట్ అంకెలు, మూడూ ఒకదానికొకటి పొంతన కుదరాలి. మీకున్న రెండు పాత పికప్‌ల అడుగు బూడిదరంగులో ఉండాలి. మీటర్ పెడితే ఆరు కిలో ఓమ్‌లకి కాస్త అటూ ఇటూగా చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇక ఒక్కో మార్పు గురించి. ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది హంబకర్ గుంత. నిజానికి మీ గిటార్‌లో తేలిగ్గా తీరిపోయే సమస్య అదే. స్ట్రాట్‌లో ఆ తొలిచిన చోటంతా పిక్‌గార్డ్ కిందే ఉంటుంది. మూడు సింగిల్ కాయిల్ (ఒక్క తీగచుట్ట) పికప్‌ల పిక్‌గార్డ్ ఒకటి తెచ్చి బిగిస్తే గుంత కనబడదు, ధ్వనిలో మీరు పసిగట్టగలిగే తేడా రాదు, బాడీ బలమూ తగ్గదు. మరి దాన్ని చెక్కతో పూడ్చమని సలహా ఇచ్చేవాళ్ళు ఎందుకు ఇస్తారో నాకు అర్థం కాదు. పూడ్చాలంటే గుంత అంచులు మళ్ళీ సాపు చేయాలి, అంటే ఇంకొంచెం చెక్క తీయాలి, జిగురు పెట్టాలి, పైన గీకాలి. ఇంతా చేసి, ఏ కొనుగోలుదారైనా పిక్‌గార్డ్ ఎత్తగానే ఆ అతుకు చూసి గుంత ఉన్నట్టే లెక్క కడతాడు. లెస్ పాల్ లాంటి గిటార్ అయితే వేరే కథ, అక్కడ గుంత ముఖం మీదే ఉంటుంది. మీది అది కాదు, వదిలేయండి.

పోయిన బ్రిడ్జ్ పికప్ బదులు అదే కాలపు పికప్ వెతకాలా, కొత్తది చుట్టించాలా? నేనైతే కొత్తదే పెడతాను. విడిగా అమ్మే 1966 పికప్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో 1966 గిటార్ నుంచి. మీది నిండడానికి అది ఖాళీ కావాలి, పైగా మీ గిటార్ అప్పటికీ అతుకుల గిటారే. అల్నికో 5 అయస్కాంతాలు, 42 గేజి ప్లెయిన్ ఎనామెల్ తీగతో, మిగతా రెండింటి కొలతలకి దగ్గరగా చుట్టే మంచి చేతులు ఇవాళ ఉన్నాయి. అడుగున తయారుచేసిన తేదీ రాయమని అడగండి. యాభై ఏళ్ళ తర్వాత చూసేవాడికి ఏది పాతదో, ఏది కొత్తదో తెలియాలి.

వైరింగ్ ముట్టుకునేటప్పుడు పాత రెండు పికప్‌ల తీగలు కత్తిరించకండి. టంకం కరిగించి ఊడదీయండి, తీగ పొడవు అంతే ఉంచండి. పికప్ చుట్టిన రాగి తీగ 0.06 మి.మీ. మందం, వెంట్రుకంత. బాబిన్ దగ్గర వేడి ఎక్కువైనా, తీగ లాగినా తెగిపోతుంది, మళ్ళీ చుట్టించాల్సి వస్తుంది. ఐదు స్థానాల స్విచ్ ఉంచుకోండి. ఫెండర్ 1977 దాకా మూడు స్థానాలదే పెట్టేది, వాయించేవాళ్ళు మధ్యలో అగ్గిపుల్లలు ఇరికించి మరీ ఆ రెండు మధ్య స్థానాలు వాడుకునేవాళ్ళు. రేపు కావాలంటే రెండు స్క్రూలు తీసి పాతది పెట్టుకోవచ్చు, దీని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు. బుల్లి స్విచ్ ఉన్న పిక్‌గార్డ్ ఒరిజినల్‌దే అయితే పారేయకండి, బెజ్జం ఉన్నా సరే, కేసులో పెట్టండి.

ట్యూనర్లు. పాత క్లూసన్లు మీ దగ్గరే ఉండటం మీ అదృష్టం. పెద్దవి చేసిన 10 మి.మీ. బెజ్జాల్లో పాత ట్యూనర్లు కూర్చునేలా కన్వర్షన్ బుష్‌లు దొరుకుతాయి. బెజ్జాలు పూడ్చి మళ్ళీ డ్రిల్ చేయనవసరం లేదు, చేయనివ్వకండి కూడా. బుష్ చేత్తో ఒత్తితే బిగుతుగా దిగాలి, సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే కొలత తప్పు, చెక్క చీలుతుంది. హెడ్‌స్టాక్ వెనక, తర్వాత బిగించిన ట్యూనర్ల స్క్రూ బెజ్జాలు కనబడతాయి, కనబడనివ్వండి. వాటిని పూడ్చి రంగు తాకించాలంటే నెక్ మీదున్న ఒరిజినల్ ఫినిష్‌ని ముట్టుకోవాలి.

నెక్ ఫినిష్ విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఆ ఏళ్ళలో ఫెండర్ డెకాల్‌ని ఫినిష్ పైన అంటించేది. అందుకే ఎవరైనా హెడ్‌స్టాక్‌ని కొంచెం పాలిష్ చేసినా, పైన కోటింగ్ వేద్దామని గరుకు కాగితం తాకించినా డెకాల్ ముక్కలై లేచిపోతుంది. మీ గిటార్‌లో ఇప్పటికి చెక్కు చెదరనిది ఏదైనా ఉందంటే ఆ నెక్ ఫినిషే. పొడి గుడ్డ చాలు దానికి.

ఫ్రెట్‌బోర్డ్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ రీస్టోర్ చేసేవాళ్ళు కొందరు పనిలో పనిగా రేడియస్ (బోర్డు అడ్డంగా తిరిగిన వంపు) కూడా సరిచేస్తామంటారు. పాత ఫెండర్ బోర్డు ఏడుంపావు అంగుళాల రేడియస్, బాగా గుండ్రం, పై ఫ్రెట్ల దగ్గర బెండ్ చేస్తే, అంటే తీగని పక్కకి లాగితే, అది బ్రిడ్జ్ వైపున్న ఫ్రెట్‌కి తగిలి నోట్ ఆగిపోతుంది. దాన్ని సాపు చేస్తే బెండ్‌లు హాయిగా వస్తాయి, నిజమే. కానీ 1962 నడిమి నుంచి ఫెండర్ మందపాటి రోజ్‌వుడ్ పలక మానేసి, మేపుల్ మీద వంపు తిరిగిన పల్చటి రోజ్‌వుడ్ పొర అంటించడం మొదలుపెట్టింది. మీది ఆ రకమే. ఒకతను నా దగ్గరికి తెచ్చిన నెక్ ఇంకా కళ్ళ ముందుంది: రేడియస్ మార్పించుకున్నాడు, నడిమి ఫ్రెట్ల దగ్గర రోజ్‌వుడ్ అరిగి అడుగున మేపుల్ తెల్లగా చారలా బయటపడింది. దానికి మందు లేదు, బోర్డు మొత్తం మార్చడమే. మీకున్న లావు ఫ్రెట్లు ఇంకా ఎత్తుగా ఉంటే అలాగే వాయించండి, లావు ఫ్రెట్లుంటే బెండ్‌ల బాధ కూడా కొంత తగ్గుతుంది. అరిగిపోయాక ఫ్రెట్లు మార్చుకోవచ్చు, అది మామూలు నిర్వహణ, అందులో తప్పేం లేదు. బోర్డుని మాత్రం గీకకుండా చేయమని ముందే చెప్పండి. ఇత్తడి నట్ తీసి ఎముక నట్ వేయించండి. గాడి ఎవరైనా వెడల్పు చేసి ఉంటే ఆ గాడికి సరిపోయే మందంలో నట్ చెక్కించుకోవడమే, గాడిని పూడ్చడం కాదు.

మిగిలింది రంగు. నేనూ ఎక్కువసేపు ఆలోచించే చోటు ఇదే. ఒరిజినల్ ఫినిష్ పోయిన బాడీ మీద పోగొట్టుకోవడానికి ఫినిష్ లేదు కాబట్టి, సూత్రం ప్రకారం దానికి మళ్ళీ నైట్రో (నైట్రోసెల్యులోజ్ లక్క) సన్‌బర్స్ట్ వేయించుకోవడంలో దోషం లేదు. కానీ ఇప్పుడున్న క్లియర్ కోటింగ్ తీయాలి కదా. ఆ పని గరుకు కాగితంతో చేస్తారా, వేడితో నెమ్మదిగా లేపుతారా అన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. ఒకసారి ఇప్పటికే గీకిన బాడీ అది. వెర్నియర్‌తో అంచు దగ్గర మందం కొలవండి, ఒకటీ ముప్పావు అంగుళాలు, అంటే 44 మి.మీ. పైచిలుకు ఉండాలి. ఒక మిల్లీమీటరు తగ్గి ఉంటే మొదటివాడు ఎంత గీకాడో అర్థమవుతుంది. పొట్టకి ఆనే వంపు, చేయి ఆన్చే వాలు ఇప్పటికే మెత్తబడి ఉంటే ఇంకోసారి గీకితే ఆకారమే మారిపోతుంది. మందం బాగుంది, వంపులు పదునుగా ఉన్నాయి, మీకు నిజంగా ఆ సన్‌బర్స్ట్ చూసుకోవాలని మనసులో ఉంది అంటే, వేయించండి. రెండు షరతులు: నెక్ గుంత, ట్రెమలో గుంత, పిక్‌గార్డ్ కింద ఉన్న పాత ఆనవాళ్ళని టేపుతో మూసి, వాటి మీద చుక్క రంగు పడకుండా చూడాలి. రెండోది, కొత్త రంగుని పాతదిలా కనబడేలా పగుళ్ళు పెట్టించడం, అరగదీయించడం వద్దు. మీ దగ్గరున్నంతకాలం అది సరదాగానే ఉంటుంది, నాలుగు చేతులు మారాక అదే ఒరిజినల్ ఫినిష్ అని ఎవరో ఎవరికో అమ్ముతారు.

డబ్బు లెక్కలోకి వస్తే, రంగు మార్చిన గిటార్ ధర ఒరిజినల్‌లో సుమారు సగం అన్నది ఈ వ్యాపారంలో అందరూ వాడే మోటు లెక్క, గుంతలు, పెద్ద బెజ్జాలు దాన్ని ఇంకా దించుతాయి. మీరు ఎంత బాగా రంగు వేయించినా అది రంగు మార్చిన గిటారే. పాత నైట్రో అతినీలలోహిత దీపం కింద పసుపు పచ్చగా మెరుస్తుంది, కొత్తది అలా మెరవదు, చూసేవాడు ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు. కాబట్టి రీస్టోర్‌కి పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి వస్తుందన్న ఆశతో చేయించకండి, రాదు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ బ్లాక్ స్ట్రాట్ మీకు గుర్తొస్తుందేమో. దానికి నెక్‌లు మార్చారు, కాహ్లర్ ట్రెమలో పెట్టడానికి చెక్క తొలిచి మళ్ళీ పూడ్చారు, అయినా 2019 క్రిస్టీస్ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. ఆ ధర గిల్మర్‌ది, గిటార్‌ది కాదు. మన గిటార్ల మీద మార్పులకి అలాంటి విలువ రాదు, అది ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంకో ప్రలోభం కూడా ఎదురవుతుంది. నెక్, రెండు పికప్‌లు, క్లూసన్లు, బ్రిడ్జ్ విడివిడిగా అమ్మితే మొత్తం గిటార్ కంటే ఎక్కువ వస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. లెక్క నిజమే కావచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఇన్ని చేతులు మారినా ఆ నెక్, ఆ బాడీ ఇప్పటిదాకా విడిపోలేదు.

వేరే దేశం పంపడం గురించి ఒక మాట. ఫెండర్ బ్రెజిలియన్ రోజ్‌వుడ్ నుంచి ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది 1966 ప్రాంతంలోనే. మీ బోర్డు మొదటి రకమైతే 1992 నుంచి అది సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, పర్మిట్ లేకుండా సరిహద్దు దాటిస్తే కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారు. నేను పైన చెప్పిన పనుల్లో అంత దూరం పంపితే తప్ప జరగనిది ఒక్కటీ లేదు. నట్, బుష్‌లు, పిక్‌గార్డ్, వైరింగ్, సెటప్, ఇవన్నీ జాగ్రత్తగల పనివాడు ఎవరైనా మీ ఎదురుగా చేసేవే. ఈ వరుసలోనే చేయించండి, చేశాక కొన్ని నెలలు వాయించండి, రంగు సంగతి ఆ తర్వాత చూడొచ్చు. చాలామందికి అప్పటికి ఆ ఆలోచనే పోతుంది.

తీసిన ప్రతి వస్తువూ, హంబకర్, ఇత్తడి నట్, బుల్లి స్విచ్‌తో సహా, పేరు రాసిన కవర్లో కేసులోనే ఉంచండి. ఈలోగా నెక్ గుంత లోపలి ఫోటో ఒకటి, బాడీ అంచు నాలుగు చోట్ల మందం కొలతలు పంపండి. రంగు వేయించదగ్గ బాడీయో కాదో అవి చూస్తే చెప్పగలను.